అత్తగారి రెండో వడ్డన

ఓజెమే గొప్ప వంటగాడని నమ్మే మనిషి బయూ టెష్ ఏటి గట్టు పొడుగునా ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ ఓజెమేనే.

నిజానికి అతనికి వచ్చిన వంట ఒకటే. ఇనప మూకుట్లో పొగబెట్టిన సాసేజ్ ముక్కలు, రొయ్యలు, కళ్లు బైర్లు కమ్మేంత కారం. క్లెలీని ఆ వంటతోనే పడగొట్టి పెళ్లి చేసుకున్నాడు. పెళ్లయ్యాక మూకుడు ముట్టుకోలేదు.

ఇరవై ఏళ్ల తరవాత మళ్లీ ముట్టుకోవాల్సిన అవసరం చేపల వల్ల వచ్చింది.

"శనివారం మా అమ్మ ఇంటి వరండాకి రంగు వేస్తానన్నావు," అంది క్లెలీ.

"అన్నాను. ఏ శనివారమో అనలేదు."

"పోయిన తుఫానుకి ముందు మాట అది. వరండా పెచ్చులూడిపోతోంది."

"బయూలో చేపలు గట్టుకొచ్చి మరీ పిలుస్తున్నాయే! ఈ వారం దాటితే మళ్లీ వచ్చే ఏడే."

"రంగు డబ్బాలూ పిలుస్తున్నాయి. నీకు ఆ చెవి వినపడదు."

ఓజెమే బుర్ర గోక్కున్నాడు. అతను బుర్ర గోక్కుంటే ఏదో ఒక ఉపాయం బయటికొస్తుంది. దాంతోపాటే ఒక ఉపద్రవం కూడా వస్తుంది.

"పందెం! ఒక పూట భోజనం నేను వండుతా. మీ అమ్మ తనంతట తను అడిగి రెండోసారి వడ్డించుకుంటే శనివారం నేను పడవ మీద ఉంటా. అడక్కపోతే వరండాతో పాటు కోళ్లగూటికీ రంగు వేస్తా."

అత్తగారు అర్తెమీజమ్మ పరాయి వంటని రెండోసారి అడిగిన దాఖలా లేదు. కూతురి పెళ్లి విందులో కూడా ఒక పళ్లెం తిని, "ఉప్పు వేశారు, అంతవరకూ నయం," అని లేచిపోయింది.

"సరే, శుక్రవారం సాయంత్రం అమ్మని పిలుస్తా," అంది క్లెలీ.

భార్య అంత తేలిగ్గా ఒప్పుకుంటే అనుమానించాలని ఇన్నేళ్ల సంసారం అతనికింకా నేర్పలేదు.

శుక్రవారం క్లెలీ తల్లిని తీసుకురావడానికి వెళ్లింది. ఓజెమే గెలుపు ఖాయం చేసుకుని, తెల్ల మూత ఉన్న చేపల ఐస్ పెట్టె సర్ది తలుపు పక్కనే పెట్టుకున్నాడు. మూకుడు పొయ్యి మీదికెక్కించాడు. సాసేజ్ చక్రాలు ఎర్రగా వేగి కొవ్వు వదిలాయి. ఆ కొవ్వులోనే ఉల్లిపాయ, సెలరీ కాడలు, క్యాప్సికం మగ్గాయి. టమాటా, వెల్లుల్లి, ఎండు మిరప పొడి పడ్డాయి. చివర్లో రొయ్యలు వేశాడు. ఘాటుకి అతనే రెండుసార్లు తుమ్మి, "ఆహా!" అనుకున్నాడు.

అంతలో కిటికీలోంచి చేపల వేపుడు వాసన వచ్చింది. చర్చి హాల్లో ఎవరో ఊరందరికీ సరిపడా వేయిస్తున్నారు. ఇవాళేమిటో విశేషం అనుకున్నాడు. అనుకోగానే గరిటె చేతిలోంచి జారింది.

ఈస్టర్ ముందు ఉపవాసాల కాలం. శుక్రవారం. మాంసం ముట్టకూడదు. చేపలకీ రొయ్యలకీ అడ్డు లేదు గానీ పంది సాసేజ్ అంటే పచ్చి పాపం. ఆ నలభై రోజులూ అందరూ ఇష్టమైనదేదో ఒకటి మానేస్తారు. ఓజెమే చర్చికి వెళ్లడం మానేశాడు. అందుకే గుర్తులేదు.

అత్తగారా, ఈ శుక్రవారాల్లో కోడి గట్టిగా కూసినా నొసలు చిట్లించే మనిషి.

బయట కారు ఆగింది. ఓజెమే వేళ్లు కాల్చుకుంటూ, అమ్మా అబ్బా అంటూ సాసేజ్ ముక్కలు ఒక్కొక్కటే ఏరి, గిన్నెలో వేసి, ఆ గిన్నెని ఐస్ పెట్టెలో సీసాల కింద దాచేశాడు.

అర్తెమీజమ్మ గుమ్మంలోనే ఆగింది. ముక్కు ఎగబీల్చింది.

"ఏం వాసన అబ్బాయ్?"

"రొయ్యలత్తయ్యా."

"రొయ్యలకి పొగ వాసనెక్కడిదీ?"

"కొంచెం మాడ్చానండీ." తన వంటలో తప్పు ఒప్పుకోవడం అతనికి జీవితంలో అదే మొదలు.

"మాంసమేం కలపలేదు గదా?"

"అయ్యో, శుక్రవారం నాడా! మనింట్లోనా!"

క్లెలీకి ఎందుకో దగ్గొచ్చింది.

ఆవిడ శిలువ గుర్తు వేసుకుని తినడం మొదలుపెట్టింది. నుదుట చెమట పట్టింది, ముక్కు కారింది, చెయ్యి మాత్రం ఆగలేదు. ఓజెమేకి బయూ మీద పడవ కళ్లకు కట్టింది. అప్పుడే ఆవిడ ఫోర్కు గాల్లో ఆగింది. దాని కొసన ఎర్రటి చక్రం ఒకటి.

"ఇదేమిటోయ్?"

"ట... టమాటా అత్తయ్యా."

"చక్రంలా ఉందే?"

"అలా కోశానండీ."

"నమలాల్సి వస్తోందే?"

"పచ్చిదండీ, సరిగ్గా పండలేదు."

ఆవిడ కళ్లు మూసుకుని చాలాసేపు నమిలింది. తరవాత పళ్లెం ముందుకు చాపింది. "మంచి జాతి టమాటా. ఇంకాస్త పెట్టు. అడుగునుంచి తియ్యి."

ఓజెమే కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. "చూశావా క్లెలీ! అడిగింది!"

"అడిగింది. ఒప్పుకున్నా," అంది క్లెలీ తాపీగా.

అర్తెమీజమ్మ రెండో పళ్లెం కూడా ఊడ్చి మూతి తుడుచుకుంది. "ఇంత రుచి నేనొక్కదాన్నే తింటే తప్పు. ఆదివారం ఫాదరుగారితో చెప్తా. వచ్చే శుక్రవారం చర్చి హాల్లో ఊరందరికీ నువ్వే వండుదువుగాని. ఈ టమాటాలతోనే."

ఓజెమే మొహం పాలిపోయింది. "అత్తయ్యా... అది టమాటా కాదండీ."

"తెలుసు. నలభై ఏళ్లు సాసేజ్‌కి పొగబెట్టిన చేతులివి."

"తెలిసే తిన్నారా!"

"నేనడిగాను. నువ్వు లేదన్నావు. అల్లుడి మాట నమ్మడం పాపమని ఏ ఫాదరూ చెప్పలేదు. నేను తిన్నది టమాటా. పాపమంతా నీది."

ఓజెమే దీనంగా భార్య వైపు తిరిగాడు. "నువ్వు కావాలనే శుక్రవారమన్నావు!"

"నీకొచ్చిన వంట ఒక్కటేనని నాకు తెలుసు. ఏ రోజు ఏది తినకూడదో నీకు తెలియాలి," అంది క్లెలీ. గొంతు తగ్గించి, "ఇరవై ఏళ్లకి మళ్లీ వండావు. నాకు ఒక్క ముక్కైనా దొరకలేదు," అంది.

ఆ మాటకి అతని గుండె నీరైంది. గెలిచిన పందెం ఊసెత్తకుండా అత్తగారి వైపు తిరిగాడు.

"ఫాదరుగారికి చెప్పకుండా ఉండాలంటే..." అని నసిగాడు.

"రంగు డబ్బాలు వరండాలోనే ఉన్నాయి. కోళ్లగూటికి కూడా సరిపోతాయి," అంది అత్తగారు శాలువా కప్పుకుంటూ.

గుమ్మం దాటబోతూ ఐస్ పెట్టె దగ్గర ఆగింది. తెల్ల మూత మీద అయిదు వేళ్ల ఎర్ర నూనె మరకలు ఆరకుండా మెరుస్తున్నాయి. ఆవిడ చేతికర్రతో మూత మీద టకటకా కొట్టింది.

"రేపు శనివారం, అబ్బాయ్. పొద్దున్నే వచ్చేటప్పుడు మిగతా టమాటాలు పట్రా. క్లెలీకీ నాకూ భోజనానికి వేయిద్దువుగాని."