గడియారానికి నేర్పిన మర్యాద

పరుగు పందేల గడియారాన్ని నడపడానికి ప్రపంచంలో ఎక్కడా లేని ప్రోగ్రామింగ్ భాష తయారుచేయిస్తున్నట్టు క్రీడల మంత్రిగారు ప్రకటించారు. కాలం ఇకపై మన మాట వింటుందన్నారు. కాలానికి మాత్రం వేరే గతేముంది?

పని ప్రోగ్రామరు నెత్తిన పడింది. అతను సంతోషించాడు కూడా. చెల్లెలు ఆ పోటీల్లోనే పరుగెత్తుతోంది. ఈసారి నెగ్గితే జాతీయ జట్టు, లేకపోతే వయసు దాటిపోతుంది. గడియారమైనా న్యాయంగా ఉంటుంది కదా అనుకున్నాడు, పిచ్చి మారాజు.

భాషలో రెండు ఆజ్ఞలు పెట్టాడు. "పో" అన్నది పరుగుకి. అవతలి గీత దాటగానే గడియారం ఆగుతుంది. "వెళ్ళిరా" అన్నది ఈతకి. అవతలి గోడ తాకినా తాకకపోయినా, బయలుదేరిన చోటికి తిరిగొస్తేనే ఆగుతుంది.

మంత్రిగారు తెర మీద మొదటి మాట చూసి ఉలిక్కిపడ్డారు.

"'పో' ఏంటయ్యా అశుభం! పిల్లల్ని పందేనికి పంపుతున్నావా, కాటికి పంపుతున్నావా?"

"కంప్యూటరుకి చెప్పే మాట సార్..."

"కంప్యూటరైతే మర్యాద అక్కర్లేదా? అన్నిటికీ 'వెళ్ళిరండి' పెట్టు."

"అది ఈతకి సార్. తిరిగొచ్చేదాకా గడియారం ఆగదు."

"వెళ్ళినవాళ్ళు రాకుండా అక్కడే కాపురం పెడతారా?"

కార్యదర్శిగారు పడీపడీ నవ్వారు. నవ్వడం ఆయన శాఖ. "పో" కాస్తా పోయింది.

ఫైనల్‌కి ముందురోజు ట్రయల్ పందెంలో చెల్లెలు బాణంలా దూసుకెళ్ళి రిబ్బను తెంచింది. గడియారంలో ఆమె లెక్క మాత్రం నడుస్తూనే ఉంది. అదే పందెంలో మంత్రిగారి మేనకోడలు మొదట్లోనే నాలుగడుగులు వేసి, ఫోను మరిచిపోయానంటూ వెనక్కొచ్చింది. ఆమె లెక్క టక్కున ఆగింది. ప్రపంచ రికార్డు!

"వేగం మా రక్తంలోనే ఉంది" అని మంత్రిగారు కళ్ళు తుడుచుకున్నారు.

చెల్లెలు రొప్పుతూ వచ్చింది. "అన్నయ్యా, ముందొచ్చింది నేను కదా?"

"నువ్వు వెళ్ళావమ్మా. రాలేదు."

"ఇదెక్కడి భాషరా నాయనా! మరి రేపు ఫైనల్లో?"

పక్కనే కార్యదర్శిగారున్నారు. "రేపు మర్యాదగా వెళ్ళిరా తల్లీ" అని మాత్రం అన్నాడు అన్న.

చెల్లెలు తెలివైనదే. పైగా స్నేహితురాళ్ళెక్కువ.

ఫైనల్లో తుపాకీ పేలింది. వరసంతా ఒక్క అడుగు ముందుకేసి, వినయంగా వెనక్కొచ్చి నిలబడింది. అందరికీ ప్రపంచ రికార్డు. అందరికీ జట్టులో చోటు. చెమటైనా పట్టని మెడలో పతకం పడుతుంటే చెల్లెలు అన్న వైపు చూడలేదు.

అవతలి గీత దగ్గర రిబ్బను మాత్రం తెగకుండా గాలికి ఊగుతోంది. మంత్రిగారి కంట పడనే పడింది.

"ఇంత శుభం జరిగితే దాన్నలా వదిలేస్తారటయ్యా?" అని కత్తెర తెప్పించుకుని, నడుచుకుంటూ వెళ్ళి చప్పట్ల మధ్య కత్తిరించారు.

ఆ రోజు ఆ గీత దాకా వెళ్ళింది ఆయనొక్కరే.