మంత్రిగారి ప్లాస్టిక్ తాబేలు

తాబేళ్ల సంరక్షణలో మన ఒడిశా ప్రపంచానికే దారి చూపబోతోందని మంత్రి గదాధర సామంతరాయ్ గారు ప్రకటించారు. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట, మా జాలరి ఊరి ఒడ్డున, పారేసిన ప్లాస్టిక్‌తో ఏనుగంత తాబేలును నిలబెడతారట. జనమే చేస్తారు కాబట్టి దీన్ని సామూహిక కళ అంటారని కూడా సెలవిచ్చారు. పని సమూహానిది, కళ ఆయనది అని మాకు అర్థమైంది.

ఒక్కటే చిక్కు. మా ఒడ్డున చెత్త లేదు. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయని, ఊరందరికీ పిన్నమ్మ వరసైన కుని మావుసి ఆడవాళ్లను పోగేసి ఎప్పుడో ఏరించేసింది. ప్రభుత్వ పథకానికి అడ్డుపడ్డారని బీడీవో సత్పతిగారు నొచ్చుకున్నారు. అయినా పెద్ద మనసు చేసుకుని బరంపురం నుంచి లారీడు కొత్త నీళ్ల సీసాలు తెప్పించారు. మేమంతా కూర్చుని నీళ్లు ఇసకలో పారబోసి, వాటిని చెత్తగా మార్చాం.

తాబేలు తయారయ్యాక ఒక సాయంత్రం సత్పతిగారు చూడ్డానికొచ్చి నివ్వెరపోయారు. ఊళ్లో ఒక్క దీపం లేదు. గుడ్లు పగిలి పిల్లలొచ్చే రోజుల్లో మేం వీధి దీపాలు ఆర్పేసి, కిటికీలకు గోనెపట్టాలు కడతాం. ఇంత వెనకబాటుతనం తానెక్కడా చూడలేదని ఆయన బాధపడి, తాబేలు చుట్టూ ఫ్లడ్‌లైట్లకు అక్కడికక్కడే ఆర్డరేశారు.

"వద్దు బాబూ," అంది మావుసి. "వెలుగున్న వైపే సముద్రమనుకుంటాది తాబేలు పిల్ల. లైటు పెడితే ఇటే వచ్చేస్తాది. తెల్లారేసరికి కాకుల పాలే."

"కరెంటంటే ఇంకా భయమే, పాపం," అన్నారు సత్పతిగారు గుమాస్తాతో.

ప్రారంభోత్సవం రోజు పొద్దుగూకగానే మంత్రిగారు మీట నొక్కారు. తాబేలు దేదీప్యమానంగా వెలిగింది. ఆయన సంరక్షణ గురించి ప్రసంగిస్తుండగా ఇసక కదిలింది. అరచేతిలో సగం కూడా లేని పిల్లలు, వందలకు వందలు, సముద్రానికి వీపు పెట్టి వేదిక వైపు పాక్కుంటూ వచ్చాయి. మావుసీ ఆడవాళ్లూ చేపల బుట్టలతో పరుగెత్తి, వాటిని ఏరి నీళ్లలో వదలడం మొదలుపెట్టారు.

మంత్రిగారు ప్రసంగం ఆపేశారు. వేదిక దిగి వచ్చి, మావుసి చేతిలోని బుట్ట అందుకుని, పిల్లల్ని జాగ్రత్తగా ప్లాస్టిక్ తాబేలు కాళ్ల దగ్గర పోశారు.

"తల్లీబిడ్డల్ని విడదీయకమ్మా," అన్నారు.

చప్పట్లు మోగాయి. మావుసి ఏడ్చింది. ఆనందబాష్పాలని మర్నాడు పేపర్లో వేశారు.