వెంకట్రావు సారు సొంత అభిప్రాయం

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. ఈ పని మొదలుపెట్టేముందు తన్మయి నన్ను అడిగింది. "బాగుంటుంది, చెయ్యవే" అన్నది నేనే. కాబట్టి చదువుతూ ఎవరినైనా తిట్టాలనిపిస్తే, మొదటి తిట్టు నాకు.

తన్మయి నా స్నేహితురాలు, సాఫ్ట్‌వేర్ అమ్మాయి. వాళ్ల నాన్న వెంకట్రావు గారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఇరవై రెండేళ్లుగా గ్రూప్స్ రాసేవాళ్లకి కరెంట్ అఫైర్స్ చెబుతున్నారు. సెంటరు యజమాని భిక్షపతి కొత్తగా యాప్ పెట్టాడు. "సార్, డౌట్లకు యాప్‌లనే జవాబియ్యాలె. నెలాఖరు దాక చూస్త, గాకుంటే ఇంకొకర్ని పెట్టుకుంట" అనేశాడు. వెంకట్రావు గారికి చేతిలో సుద్దముక్క తప్ప ఏదీ నిలవదు. ఆయన ఫోన్లో ఒక వాక్యం టైపు చేసేలోపు ఏదో ఒక దేశంలో ప్రభుత్వం పడిపోతుంది.

"ఆ యాప్ సంగతేదో నువ్వే చూడమ్మా" అన్నారు కూతురితో.

తన్మయి చూసింది. ఆరు నెలల క్లాసు రికార్డింగులు ఏఐకి మేపింది. దగ్గులు, ఫ్యాను చప్పుడు, మధ్యలో మౌనాలు, అన్నీ కత్తిరించింది. ఎవరు డౌటు అడిగినా ఇక అచ్చం నాన్న గొంతే జవాబు చెబుతుంది. సోమవారం నుంచి యాప్ మొదలు, ప్లాను చాలా చిన్నది. నాన్న మామూలుగా క్లాసుకెళ్తారు, యాప్ తన పని తను చేసుకుంటుంది, ఉద్యోగం నిలబడుతుంది.

ఆమె పట్టించుకోనిది ఒక్కటే. వెంకట్రావు గారు ప్రతి పాఠం చివరా టేబుల్ మీద ఒక్కటిచ్చి, "ఇది పుస్తకంలో ఉండదు, నా సొంత అభిప్రాయం" అంటారు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి మొదటి డౌటు సైదమ్మది. నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చి, సరూర్‌నగర్ హాస్టల్లో ఉంటూ, నాలుగోసారి గ్రూప్-2 రాస్తున్న మనిషి. విద్యలో సాంకేతికత ఉపయోగాలేమిటని అడిగింది. యాప్ అయిదు ఉపయోగాలు పద్ధతిగా చెప్పింది. తర్వాత ఠప్‌మని చప్పుడు.

"ఇక నా సొంత అభిప్రాయం. ఫోన్లో చదివేది చదువే కాదు. ఆ దరిద్రాన్ని తీసేసి క్లాసుకి రండి."

సైదమ్మ సారు మాట జవదాటదు. ఆ ఆడియోను బ్యాచ్ గ్రూపుల్లో పెట్టి, యాప్ తీసేసింది. మిగతావాళ్లు తీసేసేముందు తలా ఒక డౌటు అడిగి చూశారు. భద్రతా మండలిలో వీటో గురించి ఒకరడిగితే, "అపార్ట్‌మెంట్లో నీళ్ల మోటారు తాళం ఎవరి దగ్గరుంటే న్యాయం వాళ్లదే. దీన్నే అంతర్జాతీయ చట్టం అంటారు" అంది యాప్. నిరుద్యోగం గురించి అడిగితే, "మూడుసార్లు రాసి రానివాళ్లు ఇంటికెళ్లి వేరే పని చూసుకోండి. మీ ఆశ మీదే ఈ సెంటర్లలో ఏసీలు తిరుగుతున్నాయి" అంది.

ఈ చివరిది ఎల్బీ నగర్ బ్రాంచిలో కూర్చున్న భిక్షపతి దాకా వెళ్లింది. వెంటనే దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"సార్ క్లాస్‌ల ఉన్నరు" అన్నారు అక్కడివాళ్లు.

"క్లాస్‌ల ఉంటే యాప్‌ల ఎట్ల తిడుతుండు? నన్ను పాగల్ చేస్తున్నరా?" అని అరిచి మెట్రో ఎక్కాడు. అదే సమయంలో లాప్‌టాప్‌లో యాప్ వాడేవాళ్ల సంఖ్య చూపే గీత నిటారుగా కిందికి దిగడం చూసి, తన్మయి ఆటో ఎక్కింది.

క్లాసు గది కిక్కిరిసి ఉంది. మెట్ల మీద కూడా మనుషులే. వెంకట్రావు గారు కళ్లు తుడుచుకుంటూ కూతురి చెయ్యి పట్టుకున్నారు. "ఇది నా ఆఖరి నెలని వీళ్లకెవరు చెప్పారమ్మా? అందరూ చూడ్డానికొచ్చారు."

తన్మయి నోరు తెరిచేలోపు సైదమ్మ అందుకుంది.

"మీరే తిట్టి రమ్మన్నరు కద సార్, యాప్‌ల. గని ఒక్కటడుగుత. మూడుసార్లు రాసినోళ్లను ఇంటికి పొమ్మన్నరు. నాది నాలుగోసారి. పోవాల్నా?"

వెంకట్రావు గారు ఆ ఆడియో రెండుసార్లు విన్నారు.

"గొంతు నాదే. కానీ అలా అన్నాక నేను మీ మొహాలు చూస్తాను. కాసేపాగి, 'అయినా కూర్చోండి, ఇంకోసారి చూద్దాం' అంటాను. అదేదమ్మా?"

"చాలాసేపు మౌనం వచ్చింది నాన్నా. క్లాసు అయిపోయిందేమో అనుకుని అక్కడ కట్ చేసేశాను."

అప్పుడే భిక్షపతి జనాన్ని తోసుకుంటూ పైకొచ్చాడు. ఉద్యోగం పీకేయడానికి తెరిచిన నోరు, మెట్లవైపు చూసి మూతపడింది. "గింతమంది ఎందుకొచ్చిండ్రు?"

"యాప్‌ల సార్ తిట్టిన్రని ఒచ్చినం" అంది సైదమ్మ.

ఏఐ సంగతి తన్మయి ఒప్పుకుంది. భిక్షపతి కోపం దిగింది. ఆలోచన మొదలైంది, అది కోపం కన్నా ప్రమాదం. "సార్, నేనే గలత్ అనుకున్న. మీ ఇద్దర్ని ఇడిచిపెట్ట."

"ఇద్దరెవరండీ?"

"మీరు, గా యాప్."

వారంలోగా గోడకి పెద్ద స్క్రీను వచ్చింది. ఇప్పుడు రెండు బ్రాంచిల్లోనూ పాఠం చెప్పేది ఆ గొంతే. వెంకట్రావు గారి ఉద్యోగం నిలబడింది. రోజూ స్క్రీను ఆన్ చేసి, హాజరు తీసుకుని, వెనక బెంచీలో కూర్చోవాలి. మొన్న సైదమ్మ మెల్లిగా ఏదో డౌటు అడిగితే, ఆయన అంతకన్నా మెల్లిగా చెప్పబోయారు.

"వెనక బెంచీలో ఎవరది, మాట్లాడేది? లేచి బయటికి నడవండి!" అంది స్క్రీను.

ఆయన లేచి బయటికి నడిచారు.

మీరూ ఎప్పుడైనా మీవాళ్ల ఉద్యోగం ఇలా కాపాడి ఉంటే, ఆ కథ రాసి పంపండి. తన్మయి అన్నీ చదువుతుంది, ఈ మధ్య ఇంట్లో ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదు.