ఫోర్‌వీలు మహిమ

అహోబిలం వెళ్ళి చీకటి పడేలోగా తిరిగి రావాలని ఆ శనివారం పొద్దున్నే పెద్ద ఈరన్న జీపు బయటికి తీయించాడు. యుద్ధమయ్యాక మిలిటరీవాళ్ళు వదిలించుకున్న బండి అది. ఎద్దుల్ని అమ్మి మరీ కొన్నాడు. మూడుసార్లు తొక్కితే బ్రేకు ఒకసారి పలుకుతుంది. గేరును చేత్తో పట్టుకోకపోతే జారిపోతుంది. అయినా ఈరన్న ప్రాణమంతా డ్రైవరు పక్కనున్న చిన్న కడ్డీ మీదే. దాన్ని వేస్తే ‘ఫోర్‌వీలు’ పడి నాలుగు చక్రాలూ కలిసి లాగుతాయట! తలుచుకుంటేనే ఒళ్ళు జలదరించి, దానికి రోజూ కుంకుమ పెట్టేవాడు.

"ఇది ఈపొద్దు దోవలో నిలబడిందంటే, రేపే అమ్మేసి ఎద్దుల్ని తోలకరావల్ల" అంది భార్య రామేశ్వరమ్మ, వెనక ఎక్కి కూర్చుంటూ.

దోవలో ఎండిపోయిన వంకలోకి దిగగానే జీపు ఇసుకలో కూరుకుపోయింది. మిలిటరీలో పనిచేసి వచ్చిన డ్రైవరు దాసన్న చిన్న కడ్డీ వేశాడు. చక్రాలు తిరిగాయి గానీ బండి కదల్లేదు. ఈరన్న కిందికి దిగి జీపు పక్కన నిలబడ్డాడు.

దాసన్నకు ఒక చేయి స్టీరింగు మీద, ఒక చేయి గేరు మీద. "సామీ, లో ఎయ్యి! లో!" అని అరిచాడు. మిలిటరీ భాషలో ‘లో’ అంటే పక్కనున్న రెండో కడ్డీ లాగి, నిదానంగా పోయే బలమైన గేరు వెయ్యమని. ఈరన్నకు తెలిసిన ‘లో’ ఒకటే, లోపల. లోపల ఏం వెయ్యాలా అని చుట్టూ చూశాడు.

అప్పుడే నాపరాళ్ళ ఎద్దులబండితో వాళ్ళ ఊరి పుల్లయ్య, అతని మనుషులు ముగ్గురూ వంకలోకి దిగారు.

"పుల్లయ్యా, నీ బండలు జీపులో ఎయ్యప్పా, జల్దీ!" అని ఈరన్న కేకేశాడు.

"ఏసినావా సామీ?" ఇంజను మోతలో దాసన్న తల తిప్పకుండానే అడిగాడు.

"నాలుగు ఏసినాం!"

"నాలుగు నేనేసినా సామీ! నువ్వు లో ఎయ్యి!"

"లోనే ఏసినామప్పా!"

"అట్లయితే పూర్తిగా ఎయ్యి!"

పూర్తిగా వేశారు. ఎద్దులబండి ఖాళీ అయింది. రామేశ్వరమ్మ కాళ్ళు ముడుచుకుని బండల మీదికెక్కింది. జీపు మూలిగి ఇంకో జానెడు దిగబడింది. ఉన్నట్టుండి ఒక్క గర్జన చేసి, ఇసుకను చిమ్ముకుంటూ అవతలి గట్టెక్కి నిలిచింది.

ఈరన్న వెనకే పరుగెత్తి గట్టెక్కాడు. పుల్లయ్య తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు. ఈరన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

దాసన్న వెనక్కి తిరిగి బండల్ని చూశాడు, ఉన్నచోటే ఉన్న రెండో కడ్డీని చూశాడు, దిగి జీపు కింద దూరాడు. వచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది.

"సామీ, ముందు చక్రాల్ని తిప్పే షాఫ్టే ల్యాదు. మనకు అమ్మకముందే ఎవరో పీకేసినారు. ఫోరువీలు దీనికి ఏపొద్దూ పడల్యా. బండల బరువుకు ఎనక చక్రాలు గట్టినేల పట్టుకున్యాయి, అంతే."

ఈరన్న జీపును తేరిపార చూశాడు. భక్తితో దాని బానెట్టు నిమిరాడు.

"ల్యాకుండానే ఇంత లాగిందంటే, ఉండింటే ఎంత లాగుతాండెనో దాసన్నా!"

"దీన్ని అమ్మే మాట ఇంకెవరన్నా ఎత్తితే ఊరుకోను" అంది రామేశ్వరమ్మ, బండల మీద నుంచే చేతులు జోడించి.

రాళ్ళు దించుకోవడానికి దగ్గరికి వచ్చిన పుల్లయ్య, జీపుకు దణ్ణం పెట్టి ఖాళీ బండి తోలుకుని వెళ్ళిపోయాడు.