క్లోజప్పులో పడిన బోరు

మంత్రిగారు కెమెరా తెస్తాండారంట, దాంట్లో పడితే బోరులో నీళ్లు పడినట్టే లెక్కంట. ఎమ్మిగనూరు సంతలో ఎవరో అన్నారని పక్కింటి కన్యకమ్మ గోడ మీదుగా చెప్పింది. సర్పంచి బసప్ప ఈ మాటను కొట్టిపారెయ్యలేదు. ఊళ్లో కొత్తగా వేసిన బోరులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఊరంతా ఆదోని నుంచి వచ్చే ట్యాంకరు మీద బతుకుతోంది. మంత్రిగారి చేత ఇంకో బోరు మంజూరు చేయించుకోకపోతే బసప్ప ఊళ్లో తలెత్తుకోలేడు.

మంత్రి మల్లికార్జునయ్యగారు రానే వచ్చారు. కరువును జయించిన పల్లెల మీద డాక్యుమెంటరీ తీయిస్తున్నామని మైకులో ప్రకటించారు. జయించడం ఇంకా జరగలేదన్న సంగతి బసప్ప ఆయన చెవిన వేశాడు.

"సార్, బోరులో నీళ్లు పల్లేదు. ఇంకొకటి ఏపిస్తే..."

మంత్రిగారు కెమెరామన్ శ్రీపాదరావు వైపు తిరిగారు. "ఏమప్పా, నీళ్లు లేనిది బొమ్మలో తెలుస్తాదా?"

"లాంగ్ షాట్ అయితే తెలుస్తుంది సార్. క్లోజప్ తీస్తే మొహం ఒక్కటే. చుట్టూ ఏం లేకపోయినా ఎవరికీ కనపడదు."

మంత్రిగారు కాసేపు కళ్లు మూసుకున్నారు. మహాసత్యం తెలిసినప్పుడు పెద్దలు అట్లాగే చేస్తారు.

"ఇన్నేండ్లుగా పరిపాలన సేస్తాండాం. ఈ ముక్క ఒక్క ఆఫీసరూ సెప్పలేదు సూడు."

ఇక అభివృద్ధికి అడ్డు లేకపోయింది. జీపు చక్రం పట్టేంత మేర తారు పోసి రోడ్డును క్లోజప్పులో తీశారు. ఎండిన చేలో పచ్చగా మిగిలిన ఒక్క వేరుశనగ మొక్కకు తాసిల్దారు స్వయంగా గొడుగు పట్టాడు. మిగిలింది నీళ్లు. తలారి పౌలు పంపు పక్కన నిలబడి ట్యాంకరు నీళ్లు బిందెతో పోస్తాడు, ధార ఒక్కటే కెమెరాలో పడుతుంది. దోసిలి పట్టడానికి ఊళ్లోని ముసలమ్మ ఉచ్చీరమ్మను పిలిచారు. మొహం బాగా ఎండిపోయి ఉంది, కెమెరాకు నప్పుతుందని శ్రీపాదరావు మెచ్చుకున్నాడు.

నీళ్లు పడ్డాయి. ఉచ్చీరమ్మ తాగింది, మొహాన చల్లుకుంది గాని నవ్వలేదు.

"నవ్వమ్మా," అన్నాడు శ్రీపాదరావు.

"అన్ని నీళ్లూ నేలపాలు సేస్తాంటే యాడ నవ్వేది? కింద కడవ పెట్టండి. నిండితే నవ్వుతా."

కడవ పెట్టారు. నిండింది. ఉచ్చీరమ్మ నవ్వింది. ఆ నవ్వుకు మంత్రిగారి కళ్లు చెమర్చాయి. వాటినీ క్లోజప్పులో తీశారు.

సినిమా చూసి హైదరాబాదులో పెద్దలు పొంగిపోయారు. నీళ్లున్న ఊరికి ట్యాంకరు దండగని ఆపించేశారు. ఇంకో బోరన్నా వేయించమని బసప్ప ఆదోనికి పరుగెత్తాడు.

"మీ బోరు మేం కండ్లారా సూసినాం గదప్పా," అన్నాడు తాసిల్దారు. "ఇంకొకటి యాల?"

కొన్నాళ్లకు పబ్లిసిటీ వ్యాను ఊళ్లోకే వచ్చింది. వెంట మంత్రిగారూ వచ్చారు. పొద్దు గూకగానే బడిగోడకు తెర కట్టారు. తెర నిండా ఉచ్చీరమ్మ మొహం. నొసటి నుంచి గడ్డం దాకా నీళ్లు జలజలా కారుతున్నాయి. జనం చప్పట్లు కొట్టలేదు, పెదాలు తడుపుకున్నారు.

మంత్రిగారు మైకు తెప్పించి ఉచ్చీరమ్మ ముందు పెట్టించారు. "సూస్తివా అవ్వా, నీ మొగం ఎంత సల్లగుందో. ప్రభుత్వానికి రెండు ముక్కలు సెప్పు."

ఊరుకొమ్మని బసప్ప వెనక నుంచి చెంగు లాగాడు. ఉచ్చీరమ్మ తెర వైపు ఒకసారి, మంత్రిగారి వైపు ఒకసారి చూసింది.

"అంత పెద్ద మొగానికి నీళ్లు పోసినావు గదా సామీ. నా మొగం ఇంతే ఉండాది. ఒక సెంబు పొయ్యి."