ఎఫ్5 మీట గురించి నీలావతిగారి ఫిర్యాదు

దేశానికి స్వాతంత్ర్యం ఎప్పుడో వచ్చినా, కంప్యూటర్లకు మాత్రం 2004లో, హిందూపురంలో వచ్చింది. ఆ ఏడాది కొందరు ఔత్సాహికులు పట్టుచీరల డిజైన్లు గీసే 'అంచు' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను, దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకాన్ని లోకానికి అంకితం చేశారు. పుస్తకంలో తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్దవచ్చు. (ఎవరైనా దిద్దేయకుండా చూసుకోవడానికి ఒక సంఘం కూడా వెలిసింది.)

ధర్మవరంలో డిజైన్లు గీసే నీలావతి, పుస్తకంలో చెప్పినట్టే డిజైన్ దాచుకోవడానికి ఎఫ్5 నొక్కింది. నాలుగు రోజులు గీసిన నెమలి అంచు, అంతకుముందు దాచినదానితో సహా తుడిచిపెట్టుకుపోయింది. ఎఫ్2 నొక్కాలని తర్వాత తనే కనిపెట్టి, నెట్ సెంటర్‌కు వెళ్లి సంఘానికి మెయిల్ పెట్టింది.

సంఘం కన్వీనర్ రామాంజి వెంటనే ఫోన్ చేశాడు. "నువ్వు చెప్పేది నిజమే అయ్యుండచ్చమ్మా. అయితే పరిశీలన జరగల్ల గదా."

పరిశీలకుడు ముత్యాలప్ప పెనుకొండ నుంచి ప్యాసింజర్ రైల్లో వచ్చాడు. అప్పటికి ఆమె అంచును మళ్లీ గీసుకుంది.

"దీని మీదనే నొక్కల్లమ్మా. ఖాళీ తెర మీద నొక్కితే రుజువు కాదు" అని నొక్కాడు. అంచు పోయింది. "నిజమేనమ్మా, పోయింది" అని ఎంతో మర్యాదగా ఒప్పుకున్నాడు.

ఒకసారి పోతే అది పొరపాటు, రెండోసారి పోతేనే తప్పు అని సంఘం నిబంధన. ఆమె మూడోసారి గీసింది. ఆయన మళ్లీ వచ్చాడు.

ఆ డిజైన్ కోసం కాచుకున్న నేతగాడు ఖాదర్‌వలి గుమ్మంలో నిలబడ్డాడు. "మగ్గం ఖాళీగా ఉండాదమ్మా. పెండ్లోళ్లు దినామూ వస్తాండారు. పాత అంచే ఏసేస్తా." ఆయన్ను తప్పుపట్టలేం. నాకు మాత్రం ఈ సంఘం మీద ఒళ్లు మండింది.

ఏడాదికి పుస్తకం రెండో ముద్రణ వచ్చింది. ఎఫ్5 వాక్యం చెక్కుచెదరలేదు. (దాన్ని రాసిన సభ్యుడి మనసు నొప్పించరాదని తీర్మానించారట.) కింద ఒక వాక్యం మాత్రం చేర్చారు: 'సందేహాలుంటే ధర్మవరం నీలావతిగారికి ఫోన్ చేయండి.' నంబరు కూడా ఇచ్చారు.

మొదటి ఫోన్ సోమందేపల్లి నుంచి వచ్చింది.

"అమ్మా, ఎఫ్5 నొక్కితే అంతా పోయిందే!"

"దాన్ని నొక్కగూడదప్పా. బుక్కులో తప్పుండాది."

"తెలిసినదానివి, వాళ్లకు ఒక మాట రాసి పంపగూడదా తల్లీ?"