ఓడ ముడి

కలకత్తా ఖిదిర్‌పూర్ రేవు క్వార్టర్ల వెనక, తెలుగువాళ్ళ సందులో, ఆ శనివారం పొద్దున్నే విజయకుమారి పెట్టె తెరిచి తన పాత చీరలన్నీ మంచం మీద పోసింది. కూతురు కారుణ్య అడగ్గానే ఇచ్చేసింది. ఇవ్వడమే కాదు, పెళ్ళినాటి తెల్లచీర కూడా తీసి అన్నిటికన్నా పైన పెట్టింది. మామూలుగా అయితే గిన్నెలు తుడిచే గుడ్డకి కూడా పాత చీర చింపనివ్వని మనిషి. ఆ ధారాళం చూసి ఇంట్లో ఎవరికైనా అనుమానం రావలసింది. రాలేదు.

కారుణ్య ఆర్ట్ కాలేజీలో చదువు ముగించి రెండు నెలలైంది. పోర్చుగల్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఒక కళాకేంద్రం వాళ్ళు కలకత్తా నుంచి ఒక్కరిని ఎంచుకుని ఆర్నెల్లు తమ దగ్గర పెట్టుకుంటామన్నారు. వలస పోవడం, సొంత ఊరి మీద మమకారం, ఈ రెండూ కలిసేలా పెర్ఫార్మెన్స్ చేసి చూపించాలి. ఎంపిక చేసే దేవ్‌జానీ సేన్ అనే పెద్దావిడ పదిన్నరకి స్వయంగా ఆ సందుకే వస్తానంది. ఎంపికైతే పోర్చుగల్. కాకపోతే వచ్చే నెల నుంచి ఈ ఊళ్ళోనే సాల్ట్‌లేక్‌లో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. అది విజయకుమారి నలుగురినీ పట్టుకుని కుదిర్చింది. అంటే ఊరు వదిలి వెళ్ళాలంటే, ఊరు వదల్లేనని కారుణ్య నిరూపించుకోవాలి. ఇలాంటి మెలికలు కళాకేంద్రాల వాళ్ళకి తప్ప ఇంకొకరికి తట్టవు.

విజయకుమారి చెవికి ఇందులో సగమే ఎక్కింది. ఊరు వదల్లేనని పిల్ల నలుగురిలో చూపిస్తుంది, ఆ పెద్దావిడ చూసి ముచ్చటపడి "అయితే వెళ్ళకమ్మా" అంటుంది. ఇంతకన్నా మంచి పోటీ ఎక్కడుంది? అందుకే పెళ్ళిచీర.

"నాటకమేటే?" అనడిగాడు ఎలీయాజరు టీ ఊదుకుంటూ. రేవులో ఓడలకి తాళ్ళు కట్టి కట్టి రిటైరైన తండ్రి ఆయన.

"నాటకం కాదు నాన్నా. అందులో మాటలుంటాయి."

"మూగ నాటకమన్నమాట."

"అందులో కథుంటుంది."

"మరి ఇందులో ఏటుంటాది?"

"నేనుంటాను," అంది కారుణ్య. ఎలీయాజరు మిగిలిన టీ తాగేశాడు.

పథకం తేలికైనదే. చీరలన్నీ జడలా అల్లిన తాడు ఒక కొస ఇంటి తలుపు గడియకి, ఇంకో కొస కారుణ్య నడుముకి. పెట్టె పట్టుకుని సందు చివరికి నడవాలి. తాడు బిగుసుకున్నాక కాసేపు ఇంటివైపు చూసి, ఒక్క లాగుతో ముడి ఊడదీసి వెళ్ళిపోవాలి. మొదలు నుంచి చివరిదాకా నోరు విప్పకూడదు. ఆ మౌనమే దానికి ప్రాణమని ఆమె దరఖాస్తులో రాసింది కూడా.

"గడియ కాడ మీయమ్మ కడతాది. నడుం కాడ ముడి నాకొగ్గెయ్," అన్నాడు ఎలీయాజరు.

"ఒక్కసారి లాగితే ఊడిపోవాలి నాన్నా."

"ఊడతాది."

ఆ మాట అన్నది నోరు. కట్టింది చేతులు. ముప్ఫై ఏళ్ళపాటు ముడి ఊడకుండా చూడడమే ఆ చేతుల ఉద్యోగం. వాటికి కొత్త పని ఎవరూ నేర్పలేదు.

పెద్దావిడ వచ్చేసరికి తాడు బిగుసుకుని ఉండాలని పదింటికే కారుణ్య పెట్టె పట్టుకుని బయల్దేరింది. సందు చివర కుళాయి దగ్గర అప్పమ్మ బిందె పట్టుకుంటోంది. ఆవిడ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆ సందులోంచి ఎవరు పైదేశం వెళ్ళినా అప్పమ్మ ప్రార్థన చెయ్యాలి, ఇరుగుపొరుగు తమ వాళ్ళకి పొట్లాలు పంపాలి. అదే ఆచారం. ఈ రెండూ లేకుండా సందు దాటినవాళ్ళు అప్పటిదాకా లేరు.

"పెట్టట్టుకొని ఎక్కడికే?" అంది అప్పమ్మ.

కారుణ్య పలకలేదు. అడుగులో అడుగు వేస్తూ, ఇంటివైపు తిరిగి దిగులుగా చూసింది. అది పెర్ఫార్మెన్స్‌లో భాగం.

"ఓలమ్మో! గుంట పైదేశం ఎలిపోతంది! ఇయాలే! మాట రాక ఎలగ సూస్తందో సూడండర్రా! మనకి ఒక ముక్కైనా సెప్పనేదు!"

సందు సందంతా లేచింది. ఒకావిడ ఎండురొయ్యల పొట్లం తెచ్చి పెట్టె మీద పెట్టింది. "మా తమ్ముడికియ్యే. దుబాయ్‌లో ఉన్నాడు. అటేపే గదా." ఇంకొకరు కొబ్బరినూనె సీసా. అప్పమ్మ చింతకాయ పచ్చడి జాడీ ఏకంగా చంకలో ఇరికించింది. కారుణ్య వద్దు వద్దని తల అడ్డంగా ఊపింది. "మొగమాటపడకే, బరువేటి కాదు," అన్నారందరూ.

అప్పమ్మ తలమీద కొంగు కప్పుకుంది. "కళ్ళు మూసుకోండి. ప్రార్థన సేసుకుందాం."

అప్పమ్మ ప్రార్థన అంటే ఆషామాషీ కాదు. విమానం రెండు రెక్కల్ని, దాన్ని నడిపేవాణ్ణి, వాడి భార్యాపిల్లల్ని ప్రభువు చేతుల్లో పెట్టి, అక్కణ్ణుంచి సందులో ఎవరెవరికి మోకాళ్ళ నొప్పులున్నాయో ఒక్కొక్కరినే తలుచుకుంటూ వెళ్తుంది. ఎలీయాజరు కూడా వాకిట్లోకి వచ్చి, అలవాటుకొద్దీ కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచి ఉన్నది ఒక్క రాణి. కిందటి నెలే కాపురానికొచ్చిన పిల్ల. నాలుగు రోజుల వాన తర్వాత ఆ పొద్దున్నే ఎండ కాసింది. మేడ మీంచి చూస్తే సందు పొడుగునా మంచి తాడు కట్టి ఉంది. ఆమె దిగివచ్చి బకెట్టెడు తడిబట్టలూ దానిమీద ఆరేసింది. ఆ బరువుకి కారుణ్య నడుం దగ్గర ముడి ఇంకో రెండు పట్లు బిగుసుకుంది.

ఆమేన్ అనేసరికి మెయిన్ రోడ్డు మీద టాక్సీ ఆగింది. దేవ్‌జానీ సేన్ దిగింది. ఇదే సమయం. కారుణ్య ఇంటివైపు చూసి, ముడి పట్టుకుని ఒక్క లాగు లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. ఇంకా బిగిసింది. పచ్చడి జాడీ కింద పెట్టి గింజుకుంది.

అప్పమ్మ కళ్ళు తెరిచి ఇది చూసింది. తాడు వెంట చూపు పోనిస్తే అది విజయకుమారి గడప దగ్గర తేలింది. ఆ చీరలన్నీ ఆవిడకి తెలిసినవే.

"విజయా! కన్నకూతుర్ని కట్టేసినావా! ఎల్లనివ్వకపోతే నోటితో సెప్పాల గానీ, గొడ్డుని కట్టినట్టు కడతావా?"

"నానెందుకు కడతానక్కా? తనే ఇష్టంగా కట్టించుకుంది!"

"ఇష్టంగా కట్టించుకున్నది అలగ గింజుకుంటాదేటి?"

సందు రెండుగా చీలింది. పాపం తల్లి అని కొందరు, పాపం పిల్ల అని ఎక్కువమంది. మూలన చేపలమ్మే నిమాయ్‌కి తెలుగు రాదు గానీ, కట్టేసిన పిల్ల ఏడుపుమొహం ఏ భాషలోనైనా ఒకటే. చేపలు కోసే కత్తి పట్టుకుని వచ్చేశాడు. "సరో, సరో! ఆమి కేటే దిచ్చి!" అంటూ, తను కోసేస్తానని జనాన్ని తప్పించి కత్తి తాడుకి ఆనించాడు. ఆనించింది సరిగ్గా తెల్లచీర మీద.

"కొయ్యొద్దు!"

అరిచింది కారుణ్యే, బెంగాలీలో. "అమ్మ పెళ్ళిచీర నిమాయ్ అన్నా! కొయ్యొద్దు!"

నిమాయ్ కత్తి దించాడు. తను నోరు విప్పేసిందని కారుణ్యకి అప్పుడు తెలిసింది. పెట్టె మీద, ఎండురొయ్యల పొట్లం పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

దేవ్‌జానీ సేన్ గడియారం చూసుకుంది. చెడ్డ మనిషేమీ కాదు. "మౌనం అన్నావు కదమ్మా దరఖాస్తులో," అంది బెంగాలీలో నొచ్చుకుంటూ. "అయ్యో. ఎంపికైతే ఆర్నెల్లు మా దగ్గర పోర్చుగల్‌లో ఉండేదానివి."

విజయకుమారి పుట్టి పెరిగింది ఆ సందులోనే. బెంగాలీ ముక్క పొల్లుపోకుండా అర్థమైంది. ఆమె మొగుడి వైపు తిరిగింది.

"గెలిస్తే ఎల్లిపోవడమా?"

"మరేటనుకున్నావు?"

"గెలిస్తే ఉండిపోవడం అనుకున్నాను."

ఇప్పుడు ఆమె చెయ్యవలసిందేమీ లేదు. లోపలికెళ్ళి అన్నం వార్చుకుంటే చాలు. పిల్ల సాల్ట్‌లేక్ బస్సెక్కి రోజూ సాయంత్రానికి ఇంటికొస్తుంది. కోరుకున్నదంతా దానంతటదే జరిగిపోయింది. కానీ పెట్టె మీద కూచుని ఏడుస్తున్నది, తన పాత చీర తెగకూడదని చేతికందిన అదృష్టాన్ని వదిలేసుకున్న పిల్ల. ఇలాంటి పిల్లని ఫోన్లు ఎత్తడానికి పంపడానికి విజయకుమారికి మనసొప్పలేదు.

"దాఁడాన్ దిదీ!" అంటూ వెళ్ళి దేవ్‌జానీ సేన్ చెయ్యి పట్టుకుని ఆపింది. అప్పుడే అయిపోలేదని, ఇంకా ఉందని బెంగాలీలో గట్టిగా చెప్పింది. తర్వాత గబగబా ఇంటికెళ్ళి గడియకి తను వేసిన ముడి విప్పింది. అది ఇట్టే వచ్చేసింది. ఆ కొసని మణికట్టుకి చుట్టుకుంది.

"ఏటలగ సూస్తావు? లెగు. నడు."

"ముడి రావట్లేదమ్మా..."

"రాకపోతే మానీ. ఈ కొసని నాను లేనా? నువ్వెంత దూరవెల్తే నానూ ఆ నాలుగడుగులూ ఏస్తాను. బేగి నడవ్వే, ఆవిడ ఎలిపోతంది!"

కారుణ్య కళ్ళు తుడుచుకుని లేచింది. నడిచింది. వెనక తాడు పట్టుకుని తల్లి నడిచింది. తాడు మీద రాణి బట్టలు ఊగుతూ నడిచాయి. వాటిని ఒక్కొక్కటే లాక్కుంటూ రాణి, పచ్చడి జాడీ ఎత్తుకుని అప్పమ్మ, కత్తి పట్టుకునే నిమాయ్, ముడి వంక తప్పుచేసినవాడిలా చూస్తూ ఎలీయాజరు. ఎవరూ మాట్లాడలేదు. ఆ సందు చరిత్రలో అంతమంది అంతసేపు మాట్లాడకుండా ఉండడం అదే మొదలు.

మెయిన్ రోడ్డు మీద మినీబస్సు వచ్చి ఆగింది. "హౌడా, హౌడా!" అని అరుస్తున్న కండక్టరు పెట్టెతో ఉన్న పిల్లనీ, తాడునీ, తాడు చివర తల్లినీ చూసి, అలవాటైన ప్రశ్నే అడిగాడు.

"ఒక టికెట్టా, రెండా?"

కారుణ్య తల్లి వైపు చూసింది. తల్లి కూతురి వైపు చూసింది. ఏడవాలనుకున్న ఇద్దరికీ నవ్వొచ్చింది. బస్సు వెళ్ళిపోయింది.

దేవ్‌జానీ సేన్ దగ్గరికొచ్చింది. "దీనికి ముగింపు ఏమిటి?" అని విజయకుమారిని అడిగింది.

"ముగింపా? అది పిల్ల తిరిగొచ్చినాక సెప్తాది," అంది విజయకుమారి, కంగారులో తెలుగులోనే. కారుణ్య దాన్ని బెంగాలీలో చెప్పింది. దేవ్‌జానీ సేన్ ఆ మాట కాగితం మీద రాసుకుంది.

ముడి ఆ సాయంత్రం దాకా ఊడలేదు. ఎలీయాజరు గరిటె కాడతో ఒకసారి, పళ్ళతో ఒకసారి ప్రయత్నించాడు. కారుణ్య మధ్యాహ్నం తాడుతోనే భోంచేసింది.

రెండు వారాల తర్వాత కళాకేంద్రం నుంచి కబురొచ్చింది. కారుణ్యకి ఆర్నెల్లు. మొదటి ప్రదర్శనకి మాత్రం రెండో కొస పట్టుకున్న కళాకారిణి కూడా కావాలట. ఆవిడకి పది రోజులు. విమానం టికెట్లు రెండు.

"నానా? సంత్రాగాఛి స్టేషను దాటి ఎప్పుడెల్లాను గనక! ఈ ఊరొదిలి నాను కాలు కదపను," అంది విజయకుమారి. కదపనని సందులో ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పింది. ప్రతి ఇంట్లోనూ ఒక పొట్లం పుచ్చుకుంది. బయల్దేరే నాడు అప్పమ్మ ప్రార్థన విమానం రెక్కల దగ్గర మొదలై మోకాళ్ళ నొప్పుల దాకా సాగింది, అందరూ కళ్ళు మూసుకునే విన్నారు. కారుణ్య మళ్ళీ పెట్టె పట్టుకుని, పక్కన తల్లితో సందు మలుపు తిరిగింది. ఈసారి నలుగురి ముందూ గట్టిగా, "వెళ్ళొస్తాం," అని చెప్పి మరీ తిరిగింది.

తాడు పెట్టెలో భద్రంగా ఉంది. దాన్ని కట్టడానికి మాత్రం ఎలీయాజరుని ఎవరూ పిలవలేదు.